పసిబిడ్డ కళ్ళు పుసులు కడితే

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దుటినుంచి బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాలు, పొదుపు లెక్కలు విన్నాం. ఇప్పుడు ఆరోగ్యం గురించి మాట్లాడమని మాకు మైకు ఇచ్చారు. ఆరోగ్యం అంటే అన్నీ చెప్పలేం. అందుకని ఒక్కటే విషయం తీసుకున్నాం. పుట్టిన బిడ్డ కళ్ళు పుసులు కట్టి, రెప్పలు అంటుకుపోవటం. ఇది చూడని ఇల్లు మనలో లేదు. చూసిన ప్రతి ఇంట్లోనూ ఒక్కో వైద్యం ఉంది. ఒకరు చనుబాలు పిండుతారు, ఒకరు ఆముదం వేస్తారు, ఒకరు కాటుక దిద్దుతారు, ఇంకొకరు జంక్షన్‌కి వచ్చి మందుల షాపులో చుక్కల మందు కొనుక్కుపోతారు. చాలామంది పిల్లలకి దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గింది కాబట్టి మనం వేసిందే మందు అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. ఎందుకంటే తగ్గనిది ఒకటుంది, అది రెండు రోజులు కూడా ఆగదు.

మేము పదో తరగతి దాకా చదివినవాళ్ళం. డాక్టర్లం కాము. నర్సమ్మ దగ్గర, ఆశా దగ్గర, ఆసుపత్రుల్లో పిల్లల డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకున్నవీ, మా గ్రూపు ఇళ్ళల్లో జరిగినవీ చెబుతున్నాం.

ముందు మామూలు పుసి సంగతి. మన కంటిలో ఊరే నీళ్ళు ఎక్కడికి పోతాయి? కంటి లోపలి మూల, అంటే ముక్కు పక్క మూలలో సన్నటి రంధ్రాలున్నాయి. అక్కడినుంచి ఒక చిన్న గొట్టం ముక్కులోకి దిగుతుంది. మనం ఏడిస్తే ముక్కు కారేది అందుకే. కొంతమంది పిల్లలకి పుట్టేనాటికి ఆ గొట్టం అడుగున సన్నటి పొర ఇంకా తెరుచుకోదు. తూము దగ్గర నాచు అడ్డం పడితే బోదెలో నీళ్ళు ఎగదన్నుతాయి చూడండి, అలాగే కంటి నీళ్ళు కిందికి దిగక కంట్లోనే నిలుస్తాయి, చెంప మీదికి కారతాయి. నిలిచిన నీళ్ళు జిగురై, ఎండి, రెప్పలు అంటుకుంటాయి. నిద్ర లేచినప్పుడు ఎక్కువ. ఒక కంటికే ఉండొచ్చు, రెంటికీ ఉండొచ్చు. పుట్టిన కొన్ని రోజులకో, రెండు మూడు వారాలకో మొదలవుతుంది.

ఇందులో గుర్తు పెట్టుకోవాల్సింది ఏమిటంటే, పుసి తుడిచాక కన్ను తెరిచి చూస్తే తెల్లగుడ్డు తెల్లగానే ఉంటుంది. రెప్ప వాయదు. బిడ్డ పాలు తాగుతుంది, నిద్రపోతుంది, ఆడుకుంటుంది. ఇలాంటి పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమందికి ఏడాది నిండేలోపు ఆ గొట్టం దానంతటదే తెరుచుకుంటుంది. మందు అక్కర్లేదు. శుభ్రం కావాలి, ఓపిక కావాలి.

శుభ్రం అంటే ఎలా అనేది మేము చేసి చూపిస్తాం, భోజనాల తర్వాత ఆ పక్క బల్ల దగ్గరికి రండి. ఇప్పుడు నోటితో చెబుతాం. గ్లాసుడు మంచినీళ్ళు గిన్నెలో పోసి కళపెళా మరగనిచ్చి, మూత పెట్టి చల్లారనివ్వాలి. చేతి మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంటే వెచ్చగా తెలిసీ తెలియనట్టు ఉండాలి. మందుల షాపులో దొరికే దూది చుట్ట ఒకటి తెచ్చుకుంటే నెలంతా వస్తుంది. అది లేకపోతే పాత మెత్తటి పంచె ముక్కలు నీళ్ళల్లో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవచ్చు. చీర కొంగు మాత్రం వద్దు. మన కొంగుతో పొద్దుటినుంచి ఏమేమి తుడిచామో మనకే తెలుసు.

చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. గోళ్ళు తీసేసుకోవాలి. దూది నీళ్ళల్లో ముంచి, పిండి, ముక్కు పక్క మూల నుంచి చెవి వైపుకి ఒక్కసారి తుడవాలి. ఆ ముక్క పారెయ్యాలి. మళ్ళీ తుడవాలంటే కొత్త ముక్క. ఒక కంటి దూది రెండో కంటికి పనికిరాదు. రెండు కళ్ళల్లో ఒకటి బాగుంటే బాగున్న కన్నే ముందు తుడవాలి, పుసి ఉన్నది తర్వాత. ఎండి అంటుకుపోతే గోటితో గీకకూడదు, లాగకూడదు. తడి దూది రెప్ప మీద కాసేపు ఆనించి ఉంచితే నానుతుంది, నాని అదే వస్తుంది. దూది రెప్పల మీదే నడవాలి, కంటి లోపలికి పోకూడదు. అయ్యాక మళ్ళీ చేతులు కడుక్కోవాలి. పుసి కట్టినప్పుడల్లా ఇంతే. బిడ్డకి వాడే తువాలు వేరే పెట్టుకోవాలి.

చేతుల గురించి మన ప్రాంతం వాళ్ళకి ఒక మాట ఎక్కువ చెప్పాలి. మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా మనలో సగం మంది మామిడి తోటల్లో, కాయ గ్రేడింగ్ దగ్గర ఉంటాం. బంగినపల్లి అయినా, రసాలైనా, కలెక్టర్ కాయైనా తొడిమ విరిస్తే సొన కారుతుంది. ఆ సొన పడితే మన మొరటు చర్మమే పొక్కుతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి బిడ్డని ఎత్తుకునే అమ్మమ్మలు, పెద్దమ్మలు ఉన్నారు. నీళ్ళతో చెయ్యి తడుపుకుంటే సొన పోదు. నూనె రాసి, తర్వాత సబ్బుతో రుద్ది కడుక్కుంటే పోతుంది. అది పోయేదాకా పసిబిడ్డ మొహం తాకొద్దు. కాయ మగ్గబెట్టడానికి కార్బైడ్ వాడటం ఎప్పుడో నిషేధించారు. అయినా ఎక్కడన్నా ఆ పొడి మీ చేతికి తగిలితే ఆ చేతులతో, ఆ చీరతో బిడ్డ దగ్గరికి అసలే పోవద్దు. కాయల కాలంలో ఈగలు కూడా ముసురుతాయి. పుసి ఉన్న కంటి మీద వాలిన ఈగ ఇంకో కంటి మీద వాలుతుంది. పడుకోబెట్టిన బిడ్డ మీద పల్చటి దోమతెర వెయ్యండి, చాలు.

శుభ్రంతో పాటు ఒక మర్దన ఉంది. ఇది కొత్తగా వచ్చింది కాదు, వందేళ్ళ పైనుంచి కంటి డాక్టర్లు నేర్పిస్తున్నదే. కంటి లోపలి మూలకీ ముక్కు ఎముకకీ మధ్య చిన్న గుంట ఉంటుంది. శుభ్రంగా కడిగిన చిటికెన వేలు అక్కడ ఆనించి, కొంచెం నొక్కి, ముక్కు పక్కనుంచి కిందికి, ముక్కుపుటం దాకా లాగాలి. పైకి కాదు, కిందికి. కనుగుడ్డు మీద నొక్కకూడదు. ఒక విడతకి అయిదు నుంచి పదిసార్లు, రోజుకి మూడు నాలుగు విడతలు. పాలిచ్చేముందు చేస్తే గుర్తుంటుంది. ఎంత నొక్కాలి అనేది మాటల్లో చెప్పటం కష్టం. మొదటిసారి నర్సమ్మ చేతనో డాక్టరు చేతనో చేయించుకుని చూడండి. ఏడాది దాటినా కారుతూనే ఉంటే కంటి ఆసుపత్రిలో సన్నటి తీగ పోనిచ్చి ఆ గొట్టం తెరుస్తారు. చిన్న పని. మన గ్రూపులో ఒక చెల్లెలి కొడుక్కి పదో నెల దాకా ఎడమకన్ను కారింది. చూసినవాళ్ళందరూ తలా ఒక మందు చెప్పారు. ఆవిడ ఎవరి మందూ వెయ్యలేదు, తుడుస్తూ, మర్దన చేస్తూ ఉంది. పదకొండో నెలలో ఆగిపోయింది.

ఇది మామూలు సంగతి. ఇక రెండోది.

పుట్టిన రెండో రోజు నుంచి అయిదో రోజు లోపల రెప్పలు ఉబ్బి, కన్ను ఎర్రబడి, పసుపచ్చటి చీము తుడిచిన కొద్దీ ఊరుతుంటే అది పుసి కాదు. అది కాన్పు దారిలో తల్లి నుంచి బిడ్డ కంటికి అంటిన క్రిమి పని అయి ఉండొచ్చు. అందులో గనేరియా అనే క్రిమి అన్నిటికన్నా చెడ్డది. నల్లగుడ్డుని తినేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో కన్ను పోవచ్చు. ఇంకొకటి క్లమీడియా. అది కాస్త నెమ్మదిగా, అయిదో రోజు నుంచి రెండు వారాల లోపల కనపడుతుంది. దాన్ని వదిలేస్తే ఊపిరితిత్తుల్లోకి కూడా దిగుతుంది. ఈ రెంటికీ కంట్లో చుక్కలు వేస్తే చాలదు. ఒకదానికి ఇంజెక్షను, ఒకదానికి నోటి మందు, అదీ డాక్టరు బిడ్డ బరువు చూసి ఇవ్వాలి. ఇవి కాక మామూలు క్రిములతో కూడా కన్ను ఎర్రబడి చీము పట్టొచ్చు. ఏది ఏదో ఇంట్లో చూసి చెప్పటం ఎవరి వల్లా కాదు. డాక్టరు కూడా చీము పరీక్ష చేసే చెబుతారు.

ఒకప్పుడు యూరప్‌లో గుడ్డిపిల్లల బడుల్లో ఈ జబ్బుతో చూపు పోయినవాళ్ళే బోలెడుమంది ఉండేవాళ్ళు. జర్మనీలో లీప్జిగ్ అనే ఊళ్ళో క్రెడే అనే కాన్పుల డాక్టరు 1880లో పుట్టిన ప్రతి బిడ్డ కంట్లో వెండితో చేసిన మందు ఒక్క చుక్క వెయ్యటం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆ ఆసుపత్రిలో నూటికి పదిమంది పిల్లలకి వచ్చే జబ్బు నూటికి ఒకరి కన్నా తక్కువకి దిగింది. ఇప్పుడు మంచి మందులున్నాయి. వేళకి వెళితే కన్ను దక్కుతుంది. వేళకి వెళ్ళటం దగ్గరే మన ఇళ్ళల్లో ఆగిపోతోంది.

ఎందుకు ఆగిపోతోందో మా గ్రూపులో జరిగింది చెబుతాం. ఆ ఇంటివాళ్ళు చెప్పమన్నారు కాబట్టే చెబుతున్నాం, పేరు, ఊరు చెప్పం. సభ్యురాలి కూతురు తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. కాయ దింపే రోజులు. ఆసుపత్రిలో మామూలు కాన్పు, ఆడపిల్ల, మూడు కిలోలకి కాస్త తక్కువ. ఇంటికి తెచ్చారు. మూడో రోజు ఆశా వచ్చి చూసింది, అప్పటికి కొంచెం జిగురుగా ఉంది. తుడవటం చూపించి, ఎర్రబడినా వాచినా వెంటనే ఫోన్ చెయ్యమని చెప్పి వెళ్ళింది. నాలుగో రోజు తెల్లారేసరికి రెండు రెప్పలూ రేగిపళ్ళలాగా ఉబ్బినాయి. రెప్ప విడదీస్తే చీము బయటికి చిమ్మింది. ఇంట్లో ముసలమ్మ నందివర్ధనం పూలు తెప్పించి రసం పిండుతోంది. మా సభ్యురాలు ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. మేము ముగ్గురం వెళ్ళాం.

ముసలమ్మ ఒప్పుకోలేదు. "ఈ చేతులతో తొమ్మిదిమందిని పెంచానే అమ్మాయ్. అందరికీ కళ్ళు పుసులు కట్టినయ్, అందరికీ ఈ పూలే పెట్టా. పదకొండోరోజు పురుడు కాకుండా బాలింత గడప దాటుతుందా ఎక్కడన్నా?" అంది.

మాలో పెద్దావిడ నెమ్మదిగా అంది: "పెద్దమ్మా, పిల్లకి కళ్ళుంటేగా రేపు నీ గడప కనపడేది. పురుడు పదకొండోరోజు ఇంటికొచ్చి చేసుకుందాం. నువ్వు కూడా రా, బళ్ళో నువ్వే ఒళ్ళో పెట్టుకుని కూర్చో."

ఆ మాటకి ముసలమ్మ లేచింది. ఆశాకి ఫోన్ చేశాం, 108 వచ్చింది, ఏలూరు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. చీము పరీక్షకి తీశారు, ఇంజెక్షను చేశారు, గంటగంటకీ కళ్ళు కడిగారు. మూడోరోజుకి వాపు తగ్గింది. నల్లగుడ్డు మీద మచ్చ లేదు. పిల్ల ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.

కథ అక్కడ అయిపోలేదు. డాక్టరమ్మ తల్లినీ తండ్రినీ ఇద్దరినీ కూర్చోబెట్టి, మీరిద్దరూ మందు వాడాలి అని చెప్పింది. ఆ మాట అబ్బాయి తల్లి చెవిన పడింది. అంతే, మీ పిల్లే జబ్బు తెచ్చింది అని ఒకరు, మీ వాడే ఊళ్ళు పట్టుకుని తిరుగుతాడు అని ఒకరు. పిల్ల కళ్ళు బాగయినాయి, తల్లి కాపురం పోయేట్టు అయింది. ఈ సంగతి మైకులో మాట్లాడటానికి మొహమాటంగానే ఉంది. అయినా మనం కాకపోతే ఎవరు మాట్లాడతారు?

డాక్టరమ్మ మాకు చెప్పింది మీకు చెబుతున్నాం. ఈ క్రిములు ఆడవాళ్ళ ఒంట్లో ఏ గుర్తూ లేకుండా నెలల తరబడి ఉండొచ్చు. మగవాళ్ళకీ అంతే. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో తేల్చటం బిడ్డ కంటి పరీక్ష పని కాదు. బిడ్డకి చీము పట్టిన ప్రతిసారీ ఇదే జబ్బని కూడా కాదు, మామూలు క్రిములతో వచ్చేదే ఎక్కువ. ఈ జబ్బే అని తేలితే ఇద్దరూ మందు వాడాలి, వాడితే నయమైపోతుంది. ఒకరే వాడితే మళ్ళీ అంటుకుంటుంది. మా సమాఖ్య వాళ్ళం నలుగురం ఆ అత్తగారింటికి వెళ్ళి కూర్చుని ఇదే చెప్పాం. రెండుసార్లు వెళ్ళాం. అమ్మాయి మూడో నెలలో అత్తగారింటికి వెళ్ళింది.

అసలు కాన్పుకి ముందే ఆపొచ్చు. కడుపుతో ఉన్నప్పుడు తెల్లబట్ట వాసన వస్తున్నా, పచ్చగా అవుతున్నా, మూత్రంలో మంటగా ఉన్నా నర్సమ్మకి చెప్పాలి. వేడి చేసిందిలే అని సబ్జా గింజలు తాగి ఊరుకోకూడదు. కడుపులో బిడ్డకి ఇబ్బంది లేని మందులే ఇస్తారు. కోడళ్ళు సిగ్గుపడితే అత్తలు అడగాలి. అత్తలు అడగకపోతే గ్రూపు లీడరు అడగాలి.

ఇప్పుడు ఎప్పుడు పరిగెత్తాలో చెబుతాం. నెల లోపు బిడ్డకి కన్ను ఎర్రబడినా, రెప్ప వాచినా, తుడవగానే మళ్ళీ చీము నిండినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. రాత్రయితే రాత్రే. పాలు తాగకపోయినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, మగతగా ఉన్నా ఇంక కంటి సంగతి ఒక్కటే కాదు, 108కి ఫోన్ చెయ్యాలి. ముక్కు పక్క మూలలో ఎర్రగా గడ్డలాగా లేస్తే మర్దన ఆపి చూపించాలి. నల్లగుడ్డు మసకగా, తెల్లగా కనపడ్డా, ఒక కన్ను రెండోదానికన్నా పెద్దగా ఉన్నా, వెలుతురు చూడలేక బిడ్డ కళ్ళు బిగించుకుంటున్నా అది నీటికాసులు కావచ్చు. పుట్టిన పిల్లలకి కూడా నీటికాసులు ఉంటుంది, దానికి కూడా కన్ను కారుతుంది. ఆపరేషనుకి ఆలస్యం పనికిరాదు.

పుట్టిన మొదటి రోజు రెప్పలు కొంచెం ఉబ్బి ఉండటం, తెల్లగుడ్డులో ఒక మూల ఎర్రటి రక్తపు చార ఉండటం కాన్పు ఒత్తిడికి జరుగుతుంది. చీము లేకపోతే భయం లేదు, చార రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. అయినా ఆశాకి చూపించండి, చూసి చెప్పటం ఆమె పని. ఆసుపత్రి కాన్పయితే మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఆమె ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బిడ్డ నిద్రపోతోందని గుమ్మంలోంచి పంపించెయ్యకండి. లేపి చూపించండి.

పుసితో సంబంధం లేకపోయినా కళ్ళ సంగతి కాబట్టి ఒక్క మాట. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, రెండు కిలోల లోపు పుట్టిన పిల్లలు ఉంటే, కళ్ళు ముత్యాల్లా ఉన్నా సరే, నెల నిండేలోపు కంటి లోపలి నరాల పొర పరీక్ష చేయించాలి. అది పైకి కనపడని జబ్బు.

ఎక్కడికి వెళ్ళాలి? మన జంక్షన్ నాలుగు రోడ్ల కూడలి. ఇటు విజయవాడ, అటు ఏలూరు, ఒక పక్క నూజివీడు, ఒక పక్క గుడివాడ. అభయాంజనేయస్వామి గుడి ముందు నిలబడితే ఏ బస్సయినా దొరుకుతుంది. నూజివీడులోనూ గుడివాడలోనూ ఏరియా ఆసుపత్రులున్నాయి, ఏలూరులోనూ విజయవాడలోనూ పెద్ద ప్రభుత్వాసుపత్రులున్నాయి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలో కలిసింది, మనం కృష్ణాలో ఉండిపోయాం. అది ఆఫీసు కాగితాలకి. చంటిబిడ్డని ఎత్తుకుని వెళితే మీది ఏ జిల్లా అని వెనక్కి పంపరు, దగ్గర ఏదైతే అక్కడికే పోండి. కంటికే ప్రత్యేకం కావాలంటే విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ముందు పిల్లల డాక్టరు చూడాలి, వాళ్ళే పంపుతారు.

ఖర్చు అని ఆగొద్దు. జననీ శిశు సురక్ష అనే కార్యక్రమం 2011 నుంచి ఉంది. ఏడాది లోపు జబ్బుపడిన బిడ్డకి ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, రానూపోనూ బండి ఉచితం. మిగతా చేతిఖర్చులకి మా గ్రూపులో ఒక తీర్మానం రాసుకున్నాం. చంటిబిడ్డ ఆసుపత్రి అవసరమైతే మీటింగు రోజు దాకా ఆగకుండా, ఇద్దరు లీడర్లు సంతకం పెట్టి పొదుపులోంచి అంతర్గత అప్పు ఇచ్చెయ్యొచ్చు, తర్వాత మీటింగులో పుస్తకంలో ఎక్కించుకోవచ్చు. మీ గ్రూపుల్లో కూడా రాసుకోండి. వీఓఏలు ఎలా రాయాలో చెబుతారు.

గ్రామ సమాఖ్య మీటింగుల్లో ఇవన్నీ చెప్పినప్పుడు అక్కలు అడిగినవి కొన్ని ఉన్నాయి. అవి కూడా చెప్పి దిగిపోతాం.

చనుబాలు వెయ్యకూడదా, అవి అమృతం కదా అని అడిగారు. అమృతమే. ముర్రుపాలతో సహా ప్రతి చుక్కా బిడ్డ నోట్లో పడాలి. కంట్లో వేస్తే ఆ చెడ్డ క్రిములు చావవు, పైగా పాలు వేశాం కదా అని రెండు రోజులు చూస్తూ కూర్చుంటాం. ఆ రెండు రోజులే ఖరీదు. ఆముదం, తేనె, ఉల్లిరసం, పూలరసం ఏవీ వద్దు. పువ్వు మంచిదే కావచ్చు, దాని మీద ఉన్న మట్టి, పురుగు, కోసిన చెయ్యి మంచివి కావు. పురిటి స్నానంలో నూనె ఒంటికి పట్టించండి, కళ్ళల్లో ముక్కుల్లో పొయ్యకండి. సున్నిపిండి మొహం మీద రుద్దొద్దు. సాంబ్రాణి పొగ బిడ్డ మొహానికి పట్టొద్దు.

కాటుక సంగతి వచ్చేసరికి ప్రతి మీటింగులోనూ గొడవే. ఇంట్లో చేసిందయినా అందులో మసి ఉంది, వేలు ఉంది. కొన్నవాటిల్లో కొన్నిటికి సీసం కూడా ఉంటుంది, అది పిల్లల బుర్రకి చేటు. ఒక ఊళ్ళో ఒక అవ్వ లేచి "కాటుక పెట్టకపోతే దిష్టి ఎట్టా పోద్దే?" అంది. దిష్టిచుక్క మానమని మేము అనలేదు. అరికాలికి పెట్టుకోండి, చెవి వెనక పెట్టుకోండి. కంటికి వద్దు అన్నాం. అవ్వ ఆలోచించి సరే అంది.

చుక్కల మందు గురించి గట్టిగా చెప్పాలి. ఒక షాపులో మాకు తెలిసిన అమ్మాయికి, కళ్ళకలకకి పెద్దవాళ్ళు వాడే మందు ఇచ్చి చంటిబిడ్డకి వెయ్యమన్నారు. అందులో స్టెరాయిడ్ ఉంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్ అని సీసా మీద ఉంటే అదే. వెయ్యగానే ఎరుపు తగ్గినట్టు కనపడుతుంది, లోపల క్రిమి పెరుగుతుంది. ఎక్కువ రోజులు వాడితే నీటికాసులు తెస్తుంది. మనకి ఇంగ్లీషు అక్షరాలు చదవటం రాకపోతే మన పిల్లలున్నారు, వీఓఏ ఉంది, ఆశా ఉంది. సీసా ఫోటో తీసి పంపండి. పెద్దపిల్లకి వాడగా మిగిలిన సీసా చిన్నదానికి వెయ్యకండి. మూత తీసి నెల దాటిన సీసా ఎవరికీ పనికిరాదు.

డాక్టరు చుక్కలు రాస్తే ఎలా వెయ్యాలి అని కూడా అడిగారు. కింది రెప్ప కొంచెం లాగి, ఆ సంచిలో ఒక్క చుక్క. సీసా మూతి కంటికీ రెప్పకీ తగలకూడదు. ముందు పుసి తుడిచి అప్పుడు వెయ్యాలి. తగ్గినట్టున్నా చెప్పినన్ని రోజులూ వెయ్యాలి.

రెండు గిన్నెలు, దూది, ఒక బొమ్మ తెచ్చాం. భోజనాలయ్యాక తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర మా గ్రూపు వాళ్ళు ఉంటారు. తుడవటం, మర్దన రెండూ ప్రతి ఒక్కరూ చేతులు కడుక్కుని చేసి చూడండి. బల్ల పక్కనే పుస్తకం ఉంది, మీ ఊళ్ళో ఇప్పుడు నిండు నెలలతో ఉన్న అమ్మాయిలు ఎంతమందో, మీ ఆశా ఫోన్ నంబరు ఏమిటో మీ గ్రామ సమాఖ్య పేజీలో రాసి వెళ్ళండి. సోమవారం సీసీ గారు ఆ పుస్తకం తీసుకుంటారు.